మోటారు బండి నాడి చూచే పరికరము

పిల్లవానికి ఒళ్ళు వెచ్చబడితే తల్లి థర్మామీటరు పెట్టి చూస్తుంది. అది 102 డిగ్రీలు చూపితే పిల్లవానికి జ్వరమున్నమాట నిజమే. కాని ఆ జ్వరము మలేరియా వలన వచ్చినదో, టైఫాయిడు వలన వచ్చినదో, వట్టి పడిశము వలన వచ్చినదో థర్మామీటరు చెప్పదు. ఆ సంగతి తెలిసిన తల్లి అంకెను చూచి మందు మ్రింగించదు. మోటారు కారు విషయంలో మాత్రము ఇట్టి పొరపాటు తరచుగా జరుగుతూ ఉన్నది.

కారు నడుపుతూ ఉండగా ఒకనాడు డాష్‌బోర్డు మీద ఇంజను బొమ్మ గల పసుపుపచ్చని దీపము వెలుగుతుంది. దీనినే చెక్ ఇంజను లైటు అంటారు. ఎవరో ఒక చిన్న స్కానరు తెచ్చి తగిలిస్తే దానిలో ఒక కోడు కనబడుతుంది. ఆ కోడు పక్కన ఆక్సిజన్ సెన్సారు మాట వినబడగానే ఆ సెన్సారు చెడిపోయిందని తీర్మానించి కొత్తది వేస్తారు. వేల రూపాయలు ఖర్చవుతాయి. పది రోజులు తిరగకుండానే ఆ దీపము మళ్ళీ వెలుగుతుంది. సొంత టాక్సీ నడుపుకొని బ్యాంకు వాయిదాలు కట్టుకొనే వానికి ఇది చిన్న నష్టము కాదు. బండి షెడ్డులో ఉన్న ప్రతి రోజూ రాబడి లేని రోజే.

ఇప్పుడు స్కానర్లు కొన్ని వందల రూపాయలకే దొరుకుతూ ఉన్నాయి. చేతిపని తెలిసినవారు చిన్న చిన్న మరమ్మతులను ఇంటివద్దనే చేసుకొనుటకు అవి ఎంతో అక్కరకు వస్తాయి. అయితే వాటిలో దేనిని ఎన్నుకొనవలెనో తెలియుటకు ముందు, అవి బండితో ఏమి మాట్లాడతాయో తెలియవలెను.

పొగమంచులో పుట్టిన కట్టుబాటు

అమెరికాలోని లాస్ ఏంజెలిస్ నగరాన్ని 1943 నుంచి కండ్లు మండించే ఒకవిధమైన పొగమంచు పీడించసాగింది. దాని కారణాన్ని ఆరీ హాగెన్-స్మిట్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు 1950 తరువాత కొద్ది సంవత్సరాలలో బయటపెట్టాడు. మోటారు బండ్లు వదలే పెట్రోలు ఆవిరులు, నైట్రోజన్ ఆక్సైడులు ఎండ తగిలి ఓజోను మొదలైన పదార్థాలుగా మారుతున్నాయని ఆయన నిరూపించాడు. ఆ తరువాత బండ్ల పొగ మీద కట్టుబాట్లు వచ్చాయి.

కాని కార్ఖానాలో శుభ్రంగా పనిచేసిన ఇంజను రెండేండ్ల తరువాత రోడ్డు మీద ఎట్లా ఉన్నదో ఎవరికి తెలుస్తుంది? అప్పటికే బండ్లలో సెన్సార్లూ, వాటిని చదివే చిన్న కంప్యూటర్లూ ప్రవేశించాయి. కాబట్టి బండి తన్ను తానే పరీక్షించుకొని, లోపముంటే దీపము వెలిగించవలెనని కాలిఫోర్నియా రాష్ట్రము 1988 నమూనా బండ్లతో నియమము ప్రారంభించింది. మొదట ఒక్కొక్క కంపెనీ సాకెట్టు ఒక్కొక్క తీరుగా, కోడులు ఒక్కొక్క భాషలో ఉండేవి. 1996 నుంచి అమెరికాలో అమ్మే కార్లన్నిటికీ ఒకే ఆకారము గల సాకెట్టు, ఒకే రకమైన కోడులు ఉండవలెనని నిర్ణయమయింది. ఈ పద్ధతికే ఓ.బి.డి. 2 అని పేరు. 2001లో ఐరోపా దేశాలు పెట్రోలు కార్లకు దీనిని పోలిన పద్ధతినే విధించాయి.

మన దేశంలో 2010లో భారత్ స్టేజి 4 ప్రమాణాలు హైదరాబాదుతో సహా 13 నగరాలలో అమలులోకి వచ్చాయి. ఆ ప్రమాణాల కింద అమ్మే కార్లకు 2013 ఏప్రిల్ నుంచి ఓ.బి.డి. 2 తప్పనిసరి అయింది. 2017లో స్టేజి 4 దేశమంతటికీ వచ్చింది. 2020 ఏప్రిల్ 1న స్టేజి 6 వచ్చింది. కాబట్టి 2017 ఏప్రిల్ తరువాత అమ్మిన కార్లలో ఈ పద్ధతి ఉంటుంది. 2013కూ 2017కూ నడుమ కొన్నవాటిలో కొన్నిట ఉండవచ్చును, కొన్నిట లేకపోవచ్చును. అంతకంటె పాతవాటిలో సాకెట్టు కనబడినా దాని భాష ఆ కంపెనీకే తెలిసినదై ఉండవచ్చును.

ఈ చరిత్రలో కొనుగోలుదారు గుర్తుంచుకొనవలసిన విషయము ఒకటి ఉన్నది. ఈ ఉమ్మడి భాష పొగను అదుపులో పెట్టుటకై పుట్టినది. అందుచేత అన్ని కంపెనీల బండ్లకూ ఒకటిగా ఉన్నది ఇంజనుకూ, పొగకూ సంబంధించిన భాగము మాత్రమే. ఏ.బి.ఎస్. బ్రేకులు, గాలి సంచులు, పవరు స్టీరింగు మొదలైనవి తమ తమ కంపెనీల సొంత భాషలోనే మాట్లాడతాయి.

కోడును చదువుట

కోడులో ఒక అక్షరము, నాలుగు అంకెలు ఉంటాయి. పీ అనే అక్షరము ఇంజను, గేరుపెట్టెలకు గుర్తు. సీ అంటే బ్రేకులు, స్టీరింగు వంటి చాసిస్ భాగాలు. బీ అంటే బాడీకి చెందినవి. యూ అంటే కంప్యూటర్ల మధ్య సంభాషణ. పీ తరువాత మొదటి అంకె సున్న అయితే అది అందరికీ చెందిన కోడు. ఒకటి అయితే కంపెనీవారు సొంతంగా పెట్టుకొన్నది. రెండవ అంకె లోపము ఏ శాఖలో ఉన్నదో చెబుతుంది. 1 అయితే గాలి, ఇంధనాల కొలత. 3 అయితే స్పార్కు, దహనము. 4 అయితే పొగను శుద్ధిచేసే భాగాలు. మిగిలిన రెండు అంకెలు లోపము వరుస సంఖ్య.

ఈ విధంగా పీ 0301 అంటే మొదటి సిలిండరులో దహనము సరిగా జరుగుట లేదని అర్థము. స్పార్కు ప్లగ్గు చెడినదా, కాయిలు చెడినదా, ఇంజెక్టరు మూసుకొనిపోయినదా అన్నది ఈ కోడులో లేదు. పీ 0420 అంటే పొగను శుద్ధిచేసే కాటలిటిక్ కన్వర్టరు పని తగ్గినట్లు కంప్యూటరుకు అనుమానము కలిగిందని అర్థము. ప్లాటినము, పల్లాడియము, రోడియము వంటి విలువైన లోహాలుండే ఆ భాగము చాలా ఖరీదైనది. కాని సైలెన్సరు గొట్టంలో చిన్న చిల్లు పడినా ఇదే కోడు రావచ్చును. కోడు వైద్యుడు వ్రాసిన చీటీ కాదు. రోగి చెప్పుకొన్న బాధ వంటిది.

ఒక ఉదాహరణ

పీ 0171 అనే కోడును తీసుకొని చూస్తే స్కానరుకు, స్కానరుకు మధ్య ఉన్న తేడా బాగా తెలుస్తుంది. ఇంజనులోనికి పోయే మిశ్రమంలో గాలి ఎక్కువై పెట్రోలు తక్కువయిందని దీని భావము.

ఒక పాలు పెట్రోలు పూర్తిగా మండుటకు బరువులో దాదాపు 14.7 పాళ్ళ గాలి కావలెను. ఇంజనులోనికి వచ్చే గాలిని కంప్యూటరు కొలిచి, దానికి తగినంత పెట్రోలును ఇంజెక్టర్ల ద్వారా పోయిస్తుంది. పని సరిగా జరిగినదో లేదో పొగగొట్టంలోని ఆక్సిజన్ సెన్సారు చూస్తుంది. సాధారణ రకపు సెన్సారు పొగలో ఆక్సిజన్ మిగిలితే 0.2 వోల్టుల లోపు, మిగలకపోతే 0.8 వోల్టుల ప్రాంతంలో విద్యుత్తును చూపుతుంది. దానిని బట్టి కంప్యూటరు పెట్రోలును కొంచెము పెంచుతూ, కొంచెము తగ్గిస్తూ ఉంటుంది. ఈ దిద్దుబాటునే ఫ్యూయల్ ట్రిమ్ అంటారు. అది శాతాలలో కనబడుతుంది. ధనసంఖ్య అయితే పెట్రోలు పెంచుతున్నదనీ, ఋణసంఖ్య అయితే తగ్గిస్తున్నదనీ అర్థము. ఆరోగ్యముగా ఉన్న ఇంజనులో ఇది సాధారణంగా పది శాతానికి లోపుగానే ఉంటుంది.

వచ్చే గాలిని కొలిచే మీటరు ఉన్న ఒక కారులో ఈ కోడు వచ్చినదనుకొన్నచో, కోడు మాత్రమే చూపే స్కానరుతో పని అంతటితో ఆగిపోతుంది. నడుస్తున్న ఇంజను అంకెలను చూపే స్కానరు ఉంటే ఇంకొక అడుగు వేయవచ్చును. ఇంజను బాగా వేడెక్కిన తరువాత, బండి నిలిపి ఉంచి ఐడ్లింగులో ట్రిమ్ చూడవలెను. ఆ తరువాత నిమిషానికి 2500 చుట్ల వేగానికి పెంచి, కొంతసేపు అట్లే ఉంచి మళ్ళీ చూడవలెను.

ఐడ్లింగులో 22 శాతము ఉండి, వేగము పెంచగానే 5 శాతానికి దిగిపోయినచో, మీటరు దాటిన తరువాత ఎక్కడో గాలి దొంగతనంగా లోనికి పోతున్నదని ఊహించవచ్చును. ఐడ్లింగులో ఇంజను పీల్చే గాలి చాలా కొద్ది. అందులో చిన్న పగులు నుంచి వచ్చే గాలి పెద్ద భాగమవుతుంది. వేగము పెరిగినప్పుడు లోనికి వచ్చే గాలి ఎన్నో రెట్లవుతుంది కాబట్టి ఆ పగులు లెక్కకు రాదు. అటు కాక, ఐడ్లింగులో సరిగా ఉండి, బండి బరువు లాగేటప్పుడు ట్రిమ్ అంతకంతకు పెరుగుతూ పోతే పెట్రోలు చాలినంత అందుట లేదన్నమాట. అప్పుడు ఫిల్టరును, పంపును, మీటరు శుభ్రతను చూడవలెను.

మొదటి సందర్భంలో ఇంజను ఆపి, చల్లారిన తరువాత రబ్బరు హోసులను వంచి చూస్తే చాలాసార్లు పగులు కంటికే కనబడుతుంది. కొత్త హోసు ముక్క ఖరీదు ఆక్సిజన్ సెన్సారు ఖరీదులో ఎన్నవ వంతో చెప్పనక్కర లేదు. ఆ సెన్సారు మొదటినుంచి నిజమే చెబుతూ ఉన్నది. నిజము చెప్పినందుకు దానిని పీకివేయడము న్యాయము కాదు.

అన్ని కార్లలో గాలి మీటరు ఉండదు. అనేక చిన్న కార్లలో మానిఫోల్డులోని పీడనాన్ని కొలిచి గాలిని లెక్కకడతారు. అట్టి బండిలో గాలి కారితే ట్రిమ్ కంటె ఐడ్లింగు వేగము పెరగడమే ముందుగా కనబడవచ్చును. కాబట్టి తన బండిలో ఏ పద్ధతి ఉన్నదో యజమాని ముందు తెలిసికొనవలెను.

స్కానర్లలో రకాలు

ఇంటి వాడకానికి దొరికే స్కానర్లను మూడు తరగతులుగా చెప్పుకొనవచ్చును.

మొదటిది చేతిలో పట్టుకొనే చిన్న పెట్టె. దానికి తీగ, తెర, నాలుగైదు మీటలు ఉంటాయి. ఫోనుతో పని లేదు. చవక రకాలు కోడు చూపి, తుడిచివేయడము మాత్రమే చేస్తాయి. కొంచెము మెరుగైనవి నడుస్తున్న అంకెలను కూడ చూపుతాయి.

రెండవది అగ్గిపెట్టె అంత ఉండే అడాప్టరు. దానిని సాకెట్టులో గుచ్చితే అది బ్లూటూత్ ద్వారాగాని వైఫై ద్వారాగాని ఫోనుతో మాట్లాడుతుంది. ఫోనులోని యాప్ ఆ అంకెలను పట్టికలుగా, గీతలుగా చూపుతుంది. తక్కువ డబ్బుతో ఎక్కువ సమాచారము ఇచ్చేది ఇదే. వీటిలో చాలావాటికి మూలము కెనడాలోని ఎల్మ్ ఎలక్ట్రానిక్స్ అనే సంస్థ తయారుచేసిన ఈ.ఎల్.ఎం. 327 అనే చిప్పు. బండి భాషను మామూలు అక్షరాలలోనికి మార్చే దుబాసీ వంటిది అది. బజారులో అతిచవకగా దొరికేవి ఎక్కువగా దానికి నకళ్ళు. నకలు దుబాసీకి అన్ని భాషలూ రాకపోవచ్చును. పైన అచ్చువేసిన సంచిక సంఖ్యను నమ్మి నాణ్యతను నిర్ణయించరాదు. ఐఫోను ఉన్నవారు పాత రకపు బ్లూటూత్ అడాప్టరు కొంటే సాధారణంగా పనిచేయదు. వారు బ్లూటూత్ ఎల్.ఈ. గాని వైఫై గాని ఉన్నదానిని చూచుకొనవలెను.

మూడవది కంపెనీల సొంత భాషలు కూడ తెలిసిన పెద్ద స్కానరు. బ్రేకుల, గాలి సంచుల కోడులు చదువుటకు ఇది కావలెను. ఖరీదు వేలు దాటి, వర్క్‌షాపు రకాలలో లక్షల దాకా పోతుంది. ఒక్క కారు ఉన్న ఇంటికి ఇది అవసరము లేదు. నలుగురు డ్రైవర్లు కలిసి ఒకటి కొనుక్కొన్నచో గిట్టుబాటు కావచ్చును. అప్పుడు కూడ తమ కంపెనీ బండ్లు, తమ సంవత్సరపు నమూనాలు దాని జాబితాలో ఉన్నవో లేవో చూడక డబ్బు ఇవ్వరాదు.

కొనుటకు ముందు చూడవలసినవి

మొదట బండిని చూడవలెను. సాకెట్టు సాధారణంగా డ్రైవరు మోకాళ్ళ పైన, స్టీరింగు కింద ఉంటుంది. దానిలో రెండు వరుసలుగా 16 గళ్ళు ఉంటాయి. పై వరుస 1 నుంచి 8 వరకు, కింది వరుస 9 నుంచి 16 వరకు. 16వ గడిలో బ్యాటరీ విద్యుత్తు, 4, 5 గళ్ళలో ఎర్తు ఉంటాయి. 6, 14 గళ్ళలో లోహపు పిన్నులు ఉంటే బండి క్యాన్ అనే కొత్త పద్ధతిలో మాట్లాడుతుందని ఊహించవచ్చును. అవి లేక 7వ గడిలో పిన్ను ఉంటే అది కె లైను అనే పాత పద్ధతి. రెండవ తరగతి బండి ఉన్నవారు కె లైను వచ్చిన స్కానరునే అడగవలెను. చవక నకళ్ళు కొన్ని ఇక్కడే విఫలమవుతాయి. కొత్త మోటారు సైకిళ్ళలో చాలావాటికి సాకెట్టు ఆరు పిన్నులది. వాటికి వేరుగా జోడింపు తీగ కావలెను.

తరువాత స్కానరులో ఈ నాలుగు పనులు ఉన్నవో లేవో చూడవలెను. నడుస్తున్న ఇంజను అంకెలను, ముఖ్యంగా ట్రిమ్‌ను, ఆక్సిజన్ సెన్సారు వోల్టులను చూపవలెను. దీపము వెలిగిన క్షణంలో ఇంజను వేగము, వేడి, బరువు ఎంత ఉన్నవో కంప్యూటరు దాచుకొనే ఫ్రీజ్ ఫ్రేమును చూపవలెను. ఇంకా దీపము వెలిగేదాకా రాని, పరిశీలనలో ఉన్న కోడులను చూపవలెను. బండి స్వయంపరీక్షలు పూర్తయినవో లేదో తెలిపే రెడీనెస్ పట్టికను చూపవలెను. ఈ నాలుగూ లేనిది ఎంత చవక అయినా ఇంటి మరమ్మతుకు కొరగాదు. ఇవి ఉన్న తరువాత రంగు తెర, పెద్ద పెట్టె మొదలైన అలంకారాలకు అదనంగా ఇవ్వనక్కర లేదు.

పరికరము నిజము చెబుతున్నదో లేదో తెలిసికొనుటకు ఒక సులభమైన పరీక్ష ఉన్నది. రాత్రంతా చల్లారిన బండిలో తెల్లవారి ఇంజను తిప్పక ముందు తాళము చెవి ఆన్ చేసి, నీటి వేడిని, లోనికి వచ్చే గాలి వేడిని చూడవలెను. రెండూ దాదాపు ఒకటిగా, బయటి గాలి వేడికి దగ్గరగా ఉండవలెను. ఇంజను వేడెక్కిన తరువాత నీటి వేడి చాలా బండ్లలో 85, 100 డిగ్రీల మధ్య నిలుస్తుంది. స్కానరు అసలు వెలగనే లేదంటే దానిని తిట్టుటకు ముందు బండి ఫ్యూజులు చూడవలెను. ఆ సాకెట్టుకూ సిగరెట్ లైటరుకూ ఒకే ఫ్యూజు ఉండే బండ్లు ఉన్నాయి.

కోడును తుడిచివేయుట

స్కానరులో ఎక్కువగా దుర్వినియోగమయ్యేది కోడు తుడిచే మీట. దానిని నొక్కితే దీపము ఆరుతుంది, కాని రోగము పోదు. పైగా ఫ్రీజ్ ఫ్రేము, రెడీనెస్ పరీక్షల ఫలితాలు కూడ కోడుతోపాటు చెరిగిపోతాయి. తరువాత వచ్చే మెకానికుకు పట్టుకొనుటకు ఆధారమే మిగలదు. పాత బండి కొనేవారు కూడ ఇది తెలిసి ఉండవలెను. అమ్మేవాని బండిలో దీపము లేకపోయినా, రెడీనెస్ పరీక్షలన్నీ అసంపూర్తిగా కనబడితే ఇటీవలనే కోడులు తుడిచి ఉండవచ్చును, లేదా బ్యాటరీ తీసి పెట్టి ఉండవచ్చును. కాబట్టి ముందు కోడును, అంకెలను కాగితము మీద వ్రాసుకొని, మరమ్మతు చేసి, ఆ తరువాతనే తుడవవలెను.

దీపము నిలకడగా వెలుగుతూ ఉంటే బండిని జాగ్రత్తగా ఇంటికి చేర్చవచ్చును. అది మినుకు మినుకుమంటే మాత్రము దహనము తప్పుతున్నదన్నమాట. మండని పెట్రోలు కన్వర్టరులో మండి దానిని పాడుచేస్తుంది. వేగము తగ్గించి, వీలైనంత త్వరలో బండి ఆపవలెను. ఇక ఆయిలు పీడనము, ఇంజను వేడి తెలిపే ఎర్రదీపాలు వెలిగినప్పుడు స్కానరు కోసము వెదకరాదు. వెంటనే ఇంజను ఆపవలెను. గాలి సంచుల తీగలను ఇంటివద్ద ఎవరూ ముట్టుకొనరాదు. బండి నడుపుతూ ఫోను తెర చూడరాదు. పక్కన మరొకరు కూర్చుని చూడవలెను. పని కాగానే అడాప్టరును ఊడదీయవలెను. 16వ గడిలో విద్యుత్తు ఎల్లప్పుడూ ఉంటుంది కాబట్టి, రోజుల తరబడి నిలిపిన బండిలో అది బ్యాటరీని దించివేయగలదు.

బండి ఆరోగ్యముగా ఉన్నప్పటి లెక్క

స్కానరు కొన్నవారు దానిని దీపము వెలిగేదాకా డ్రాయరులో పెట్టి మరచిపోతారు. అంతకంటె మంచి పద్ధతి ఒకటి ఉన్నది. బండి బాగున్న రోజుననే ఐడ్లింగులో, 2500 చుట్లలో ట్రిమ్, నీటి వేడి, బ్యాటరీ వోల్టులు చూచి ఒక పుస్తకంలో తేదీతో వ్రాసి పెట్టవలెను. ఇప్పుడు మన దేశంలో 20 శాతము దాకా ఇథనాలు కలిపిన పెట్రోలు అమ్ముతున్నారు. ఇథనాలులోనే ఆక్సిజన్ ఉన్నది. అది మండుటకు తొమ్మిది పాళ్ళ గాలి చాలును. అందుచేత పూర్వపు పెట్రోలుకు అమర్చిన బండిలో కంప్యూటరు కొంత ఎక్కువ ఇంధనము పోయవలసి వచ్చి, ట్రిమ్ కొంత పైకి జరుగుతుంది. ఇది రోగము కాదు. కాని పాత లెక్క చేతిలో లేనివానికి ఆ సంగతి తెలియదు. ఆరు శాతము చూచి భయపడి లేని లోపాన్ని వెదకుతాడు.

ప్రతి ఆరు నెలలకు ఒక వరుస చొప్పున వ్రాసి ఉంచిన ఆ పుస్తకాన్ని దీపము వెలిగిన నాడు మెకానికుకు చూపితే, ఏ అంకె ఎప్పటినుంచి మారిందో అతనికి కనబడుతుంది. కొత్త సెన్సారు కొనుటకు ముందు అతడు ఏ హోసు తడిమి చూడవలెనో అక్కడే తెలుస్తుంది.